మనసులు కలిపితే ‘నేను’ మిగులుతుందా?

(నెల్లూరులో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో అమ్మలకు వినపడతా ఉందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరికి జరుపుకుంటా.

మన తెలుగులో ఒక సౌకర్యం ఉంది. రోజూ వాడతాం గాని పట్టించుకోం. ఇంగ్లీషువాళ్లకు ‘వీ’ అని ఒకటే మాట. హిందీవాళ్లకు ‘హమ్’ అని ఒకటే మాట. మనకు రెండున్నాయి, మనం, మేము. ‘మనం సినిమాకు పోతున్నాం’ అంటే నువ్వు లేచి చొక్కా వేసుకుంటావు. ‘మేము సినిమాకు పోతున్నాం’ అంటే నువ్వు ఇంట్లో కూర్చుంటావు. ఎదురుగా ఉన్న మనిషిని కలుపుకున్నామా, బయట నిలబెట్టామా అన్నది ఒక్క మాటలో తేలిపోతుంది. ఇంత చిన్న గీత గీసుకోకుండా మనం ఒక్క పూట కూడా మాట్లాడలేం.

ఇప్పుడు ఈ సాయంత్రం ప్రశ్న. నా తలలో ఉన్నది మీకు, మీ తలలో ఉన్నది నాకు, మాట అక్కర్లేకుండా తెలిసిపోయే రోజొస్తే ఆ గీత ఉంటుందా? ‘మేము’ అనే మాటకు పని ఉంటుందా? అది పోతే పోయింది, ‘నేను’ అనే మాటకు పని ఉంటుందా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తా, కారణాలు తర్వాత చూద్దాం. ఎదుటి మనిషి ఆలోచన నాకు తెలిసినంత మాత్రాన నేను కరిగిపోను. ఆ ఆలోచన ఎవరిది అన్న గుర్తు చెరిగిపోతే మాత్రం కరిగిపోతాను. తెలియడం వేరు, గుర్తు చెరగడం వేరు. ఈ తేడా ఒక్కటి పట్టుకోండి, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మాట లేకుండా మనసు నుంచి మనసుకు తెలిసిపోవడాన్ని ‘టెలిపతీ’ అంటారు. ఆ మాట 1882లో పుట్టింది. ఇంగ్లండులో ఫ్రెడరిక్ మయర్స్ అనే ఆయన పుట్టించాడు. తర్వాత దాన్ని నిజంగా నమ్మి, పరికరంతో పట్టుకోవాలని బయల్దేరిన మనిషి ఒకాయన ఉన్నాడు, హాన్స్ బెర్గర్, జర్మనీ. 1890లలో సైన్యంలో ఉండగా గుర్రం మీద నుంచి పడి చావు తప్పించుకున్నాడు. అదే రోజు ఇంట్లో వాళ్ల అక్కకు తమ్ముడికి ఏదో అయిందని మనసు కీడు శంకించింది, తండ్రి చేత తంతి కొట్టించింది. ‘నా భయం ఆమెకెట్లా చేరింది?’ ఈ ప్రశ్న ఆయన్ను జీవితమంతా వదల్లేదు. 1924లో మనిషి తల మీద నుంచి మొదటిసారి మెదడు విద్యుత్తు రాసుకున్నాడు, 1929లో ప్రచురించాడు. ఈరోజు మూర్ఛ అనుమానం ఉంటే డాక్టరు రాసిచ్చే ఈఈజీ పరీక్ష అదే. ఆయన వెతికింది టెలిపతీ, దొరికింది ఈఈజీ.

మరి ఆ విద్యుత్తే గాల్లో పోయి అక్కను చేరి ఉండొచ్చు గదా అంటారు కొందరు. లెక్క చూద్దాం. తల చర్మం మీద దొరికే సంకేతం 10 నుంచి 100 మైక్రోవోల్టులు. 50 అనుకోండి. మన గోడ గడియారంలో వేసే పెన్సిలు సెల్లు 1.5 వోల్టులు. అంటే ఆ సెల్లులో ముప్పై వేలో వంతు. ఎలక్ట్రోడుకు, అంటే తలకు అంటించే లోహపు బిళ్లకు, చర్మానికి మధ్య జెల్ సరిగ్గా పట్టకపోతే ఆ కాస్తా దొరకదు. పళ్లు కొరికితే దవడ కండరాల విద్యుత్తు దాన్ని ముంచేస్తుంది. తలకు అంటించిన ఎలక్ట్రోడుకే ఇంత కష్టమైతే ఊరు దాటి పోతుందా? పోదు. అందుకని ఈ మాటల్లో టెలిపతీ అన్నప్పుడల్లా యంత్రంతో కలిపేదే నా ఉద్దేశం. మంత్రం కాదు.

యంత్రంతో ఎంతవరకు వచ్చాం? 2013 ఆగస్టులో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాజేశ్ రావు, ఆండ్రియా స్టోకో అనే ఇద్దరు ఒక పని చేశారు. రావు గారి తల మీద ఈఈజీ టోపీ, ఎదురుగా ఫిరంగి పేల్చే వీడియో ఆట. చెయ్యి కదపకుండా, కుడి చెయ్యి కదుపుతున్నట్టు ఊహించాలి. ఆ ఊహను కంప్యూటరు పట్టుకుని ఇంటర్నెట్టులో వేరే భవనానికి పంపింది. అక్కడ స్టోకో గారి తల మీద అయస్కాంత తీగచుట్ట ఉంది, దాన్ని టీఎంఎస్ అంటారు. అది కొట్టగానే ఆయన కుడి చెయ్యి ఎగిరి కీబోర్డు మీద పడింది, ఫిరంగి పేలింది. మరుసటి ఏడు ఇంకొకటి, 2014లో. పంపింది ఎక్కడి నుంచో తెలుసా? మన పక్కనే, కేరళలో తిరువనంతపురం నుంచి. అందుకున్నది ఫ్రాన్సులో స్ట్రాస్‌బూర్గ్. పంపిన మాటలు ‘ఓలా’, ‘చావ్’. రెండూ పలకరింపులే, ఒకటి స్పానిష్, ఒకటి ఇటాలియన్.

అది ఎట్లా చేశారో వివరంగా చెప్తా, ఎందుకంటే అసలు కిటుకు అక్కడుంది. ఒక్కో అక్షరాన్ని ఐదు ఒకట్లు, సున్నాలుగా మార్చారు. నాలుగు అక్షరాల మాట, అంటే ఇరవై. తప్పులు సర్దుకోవడానికి ఏడుసార్లు తిప్పి పంపారు, 140. పంపే మనిషి ఒకటికి చేతులు, సున్నాకు పాదాలు కదుపుతున్నట్టు ఊహించుకోవాలి. అందుకునే మనిషికి కళ్లు కప్పేశారు. తల వెనక చూపు భాగం మీద టీఎంఎస్ పెట్టి, చుట్టను ఒక దిక్కుకు తిప్పి కొడితే చీకట్లో మెరుపు తునక కనిపిస్తుంది, అది ఒకటి. ఇంకో దిక్కుకు తిప్పి కొడితే ఏమీ కనిపించదు, అది సున్నా. వేగం నిమిషానికి సుమారు రెండు. అంటే ఒక పలకరింపు చేరడానికి గంట పైమాటే. నోటితో మాట్లాడితే ఎంత? పదిహేడు భాషల మీద 2019లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం సెకనుకు దాదాపు 39 బిట్లు. బిట్టు అంటే ఇందాక చెప్పిన ఒక ఒకటో, ఒక సున్నానో. మనది ఆ పదిహేడులో లేదు గాని, అన్ని భాషలూ ఆ దరిదాపుల్లోనే తేలాయి. నిమిషానికి రెండెక్కడ, సెకనుకు ముప్పైతొమ్మిదెక్కడ!

అయితే వేగం పెద్ద విషయం కాదు, అది పెరుగుతుంది. చూడాల్సింది వేరే ఉంది. ఫ్రాన్సులో ఉన్న మనిషికి చేరింది ఏమిటి? ఆలోచనా? కాదు, మెరుపు. ఆ మెరుపులు లెక్కపెట్టి, ఇది ఒకటి, ఇది సున్నా అని చెప్పింది ఆయన. ఉత్తరం చదివినట్టే. కవరు మాత్రం తలలో తెరుచుకుంది. ఉత్తరం చదివి ఎవరన్నా రాసినవాడైపోతారా?

ఇక 2019లో ముగ్గురిని కలిపారు, మళ్లీ అదే విశ్వవిద్యాలయంలో. దాని పేరు బ్రెయిన్‌నెట్. పై నుంచి పడే దిమ్మెను తిప్పాలా వద్దా అన్నది ఆట. ఇద్దరికి తెరంతా కనిపిస్తుంది. మూడో మనిషికి కింద సగం కనిపించదు, కాని తిప్పాల్సింది ఆయనే. తెలిసిన ఇద్దరూ ‘తిప్పు’ అనాలంటే సెకనుకు 17 సార్లు మిణుకుమనే దీపం వైపు చూస్తారు, ‘వద్దు’ అంటే 15 సార్లు మిణుకుమనే దీపం వైపు. ఏ దీపాన్ని చూస్తే మెదడు వెనక భాగం ఆ లయనే పట్టుకుంటుంది, ఈఈజీలో తెలిసిపోతుంది. మూడో మనిషికి అది మెరుపుగా చేరుతుంది. ఐదు జట్లు, సగటున నూటికి 81 పైచిలుకు సరిగ్గా ఆడాయి.

ఇక్కడ వాళ్లు ఒక పని చేశారు. పంపే ఇద్దరిలో ఒకరి సందేశాలను కావాలని చెడగొట్టారు. అందుకునే మనిషికి ఆ సంగతి చెప్పలేదు. ఏమైంది? కొన్ని ఆటలు పోయేసరికి ఎవరి మెరుపును నమ్మాలో, ఎవరిది పక్కన పెట్టాలో ఆ మనిషే నేర్చుకున్నాడు. గమనించారా? తలలోకి నేరుగా వస్తున్నా, రెండు మెరుపులూ ఒకే రకంగా ఉన్నా, ‘ఇది ఎవరు చెప్పింది’ అన్న లెక్క ఆ బుర్రలో మొదలైపోయింది. కలిపింది ఒకటి కావడానికైతే, వాళ్లు ఇంకా గట్టిగా ముగ్గురయ్యారు.

ఇవన్నీ సూది బెజ్జాలు గదా, పెద్ద ద్వారం తెరిస్తే అప్పుడేమంటావు అని అడగొచ్చు. అడగాలి. పెద్ద ద్వారం ఇప్పటికే ఒకటుంది, మన అందరి తలల్లో. మెదడు కుడి సగానికి, ఎడమ సగానికి మధ్య దాదాపు 20 కోట్ల నరాల పోగులున్న వంతెన ఉంది, కార్పస్ కలోసమ్ అంటారు. ఎంతకూ తగ్గని మూర్ఛ ఉన్నవాళ్లకు, మూర్ఛ ఒక సగం నుంచి రెండో సగానికి పాకకుండా ఆ వంతెనను కోసేవారు. కోసిన తర్వాత ఆ మనుషులు ఎట్లా ఉన్నారో పరీక్షించిన రోజర్ స్పెరీకి 1981లో నోబెల్ వచ్చింది. ఆయన దగ్గర పనిచేసిన మైకేల్ గజానిగా తర్వాత చేసిన పరీక్ష ఒకటి చెప్తా. ఎడమ సగానికి మాత్రమే కనిపించేట్టు కోడి కాలు బొమ్మ, కుడి సగానికి మాత్రమే కనిపించేట్టు మంచు పడిన ఇల్లు. కుడి చెయ్యి ఎడమ సగం మాట వింటుంది, ఎడమ చెయ్యి కుడి సగం మాట. దీనికి సరిపోయే బొమ్మ తీయమంటే కుడి చెయ్యి కోడిని తీసింది, ఎడమ చెయ్యి పారను తీసింది, మంచు ఎత్తడానికి. పార ఎందుకు తీశావయ్యా అంటే, మాట్లాడేది ఎడమ సగం, దానికి మంచు సంగతి తెలియదు. తెలియదు అన్నాడా? అనలేదు. ‘కోళ్ల గూడు శుభ్రం చేయడానికి పార కావాలి గదా’ అన్నాడు. అబద్ధం ఆడాలని ఆడలేదు. ఎడమ సగానికి అదే నిజం అనిపించింది.

దీని నుంచి రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, ‘నేను’ అనేది ఎప్పటికప్పుడు కథ అల్లుకుంటూ ఉండే పని. తలలో ఎక్కడో కూర్చున్న వస్తువు కాదు. రెండోది మన ప్రశ్నకు ముఖ్యం. వంతెన కోసినా ఆ మనుషులు ఇంటికి పోయి వంట చేసుకున్నారు, బండి నడుపుకున్నారు, ఒక్క మనిషిలాగానే బతికారు. వాళ్లలో చైతన్యం నిజంగా రెండుగా చీలలేదు, చూపు మాత్రమే చీలిందని 2017లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పరిశోధకులు వాదించారు. వాదం ఇంకా తేలలేదు. కాని ఇన్ని కోట్ల తీగలు తెంచితే ఇద్దరు, ఇన్ని కోట్లు కలిపితే ఒకరు అనే లెక్క మాత్రం తప్పు.

తీగలు కలిస్తే ఒకరవుతారా? దీనికి ప్రకృతి ఇచ్చిన జవాబు ఒకటుంది. 2006లో కెనడాలో తలలు అతుక్కుని పుట్టిన అక్కచెల్లెళ్లు. అట్లా పుట్టడం వేరేచోట్ల కూడా ఉంది, వీళ్ల ప్రత్యేకత ఏమంటే ఇద్దరి మెదళ్లలో థాలమస్ అనే భాగాల మధ్య నరాల వంతెన ఉంది. శరీరం నుంచి మెదడు పైభాగానికి పోయే కబుర్లకు థాలమస్ పెద్ద కూడలి. ఒకరి కళ్లు మూస్తే రెండోవాళ్లు చూసేది కొంత తెలుస్తుందని ఇంట్లోవాళ్లు చెప్పారు. చిన్నప్పుడు ఒకరికి టమాటా సాసు ఇష్టం, ఇంకొకరికి గిట్టదు. ఇష్టమున్న పిల్ల తింటుంటే గిట్టని పిల్ల తన నాలుక గీక్కునేది! యంత్రం లేదు, దీపాలు లేవు, పుట్టుకతో వచ్చిన కలయిక. మరి ఒక్కరయ్యారా? కాలేదు. రుచి చేరింది, ఇష్టం చేరలేదు. ఇద్దరికీ పేర్లు వేరు, పేచీలు వేరు, స్వభావాలు వేరు.

అయితే నాకు అనుకూలమైన సంగతే చెప్పి ఊరుకోకూడదు. వాళ్లకు నాలుగేళ్లప్పుడు చూసి రాసిన ఒక విలేకరి ఇంకొకటి గమనించారు. ఇద్దరి చేతుల్లో చెరొక కాగితం ఉంది. అందులో ఒక పిల్ల, ‘నా దగ్గర రెండు కాగితాలున్నాయి’ అంది. ఇద్దరూ ‘నేను’ అంటారు గాని ‘వీ’ అనడం తాను వినలేదని రాశారు. ఇది చదివినప్పుడు తెలుగువాళ్లకు తట్టాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ పిల్లలు తెలుగింట్లో పుట్టి ఉంటే ఏమనేవాళ్లు? ‘మా దగ్గర’ అనేవాళ్లా, ‘మన దగ్గర’ అనేవాళ్లా? ‘నేను’ అనేది కరిగిపోలేదు, కాని దాని గట్టు కొంచెం పక్కకు జరిగింది. అది నిజం. ఆ నిజాన్ని దాచకూడదు.

ఇప్పుడు అసలు దగ్గరికి వద్దాం. ఒక ఆలోచన వచ్చినప్పుడు అది ‘నాది’ అని నాకెట్లా తెలుస్తుంది? వింత ప్రశ్నలాగా ఉందా? చెయ్యి దగ్గర మొదలుపెడదాం. మీ అరచేతిలో మీరే చక్కిలిగింత పెట్టుకోండి. పెట్టుకోండమ్మా, ఇక్కడే. వచ్చిందా? రాదు. పక్కన ఉన్నవాళ్లు పెడితే వస్తుంది. ఎందుకు? చెయ్యి కదపమని మెదడు ఆజ్ఞ ఇచ్చేటప్పుడు దాని నకలు ఒకటి తన దగ్గరే పెట్టుకుంటుంది. ఈ స్పర్శ ఇప్పుడు రాబోతుంది అని ముందే లెక్క కట్టి, వచ్చినదాన్ని ఆ లెక్కతో సరిచూసి, సరిపోతే సద్దు తగ్గించేస్తుంది. లండన్‌లో 1998 ప్రాంతంలో దీన్ని కొలిచారు. ఒక చేత్తో మీట కదిపితే, యంత్రం రెండో అరచేతి మీద మెత్తటి స్పాంజి రాస్తుంది. వెంటనే రాస్తే చక్కిలిగింత తక్కువ. మీటకు, స్పాంజికి మధ్య సెకనులో పదింట ఒక వంతు, రెండు వంతులు, మూడు వంతులు ఆలస్యం పెట్టుకుంటూ పోతే చక్కిలిగింత పెరుగుతూ వచ్చింది. కదిపింది తనే! అయినా కాస్త ఆలస్యం కాగానే మెదడు ‘ఇది బయటి నుంచి వచ్చింది’ అనుకుంటోంది. అంటే ‘నాది’ అనే ముద్ర పడడానికి గడువు సెకనులో చిన్న ముక్క.

దీనికి తిరగవేసిన పరీక్ష మీరు ఇంట్లో చేసుకోవచ్చు. 1998లోనే వచ్చింది, రబ్బరు చెయ్యి పరీక్ష. మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లవుజు తీసుకుని దూది గాని పాతబట్ట గాని కుక్కండి. బల్ల మీద చెయ్యి పెట్టి, దానికి మీకు మధ్య అట్ట నిలబెట్టండి, అసలు చెయ్యి కనపడకూడదు. అట్టకు ఇవతల, ఒక జానెడు దూరంలో, అదే దిక్కుగా గ్లవుజు పెట్టండి. భుజం నుంచి తువ్వాలు కప్పండి, గ్లవుజు మీ ఒంటి నుంచే వచ్చినట్టు కనపడాలి. ఇంకొకరు రెండు కుంచెలు పట్టుకుని రెండింటినీ ఒకేసారి, ఒకే వేలి మీద, ఒకే వైపుకు రాయాలి. మీరు గ్లవుజునే చూడాలి. రెండు మూడు నిమిషాల్లో చాలామందికి ఆ రబ్బరు చేతి మీదే స్పర్శ తెలుస్తున్నట్టు ఉంటుంది. ఎక్కడ చెడుతుంది? రెండు కుంచెల మధ్య అర సెకను తేడా వస్తే చెడుతుంది. గ్లవుజు వేళ్లు మీ వైపు తిరిగి ఉంటే చెడుతుంది. కుడి చెయ్యి దాచి ఎడమ గ్లవుజు పెడితే చెడుతుంది. అందరికీ పనిచేయదు కూడా, కొందరికి ఏమీ అనిపించదు, కంగారు పడొద్దు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. నా సొంత కదలిక ఆలస్యమైతే పరాయిదవుతుంది. పరాయి వస్తువు లయ కలిస్తే నాదవుతుంది. ఇప్పుడు టెలిపతీకి వర్తింపచేయండి. మీ ఆలోచన నా తలలోకి వస్తోంది. అది నా ఆలోచన నడిచే దారిలోనే, నేను ఎదురుచూసే క్షణంలోనే వచ్చి పడితే? నా మెదడు దాని మీద ‘నాది’ అని ముద్ర కొట్టేస్తుంది. అడగదు, సంతకం పెట్టించుకోదు. మీరు అనుకున్నది నేను అనుకున్నట్టే ఉంటుంది. ఎందుకనుకున్నావు అంటే, ఆ కోళ్ల గూడు శుభ్రం చేసిన ఆయనలాగా నేను కూడా కారణం చెప్పేస్తా, మనస్ఫూర్తిగా చెప్తా. కరగడం అంటే ఇదీ. వరద వచ్చి ముంచినట్టు రాదు. చప్పుడు లేకుండా, చిన్న చిన్న ‘నాది’ ముద్రలతో వస్తుంది.

ముద్ర పడకపోతే? అదింకా బాధ. తన ఆలోచనే తనది కాదనిపించడం, ఎవరో తలలో పెడుతున్నారనిపించడం, ఈ జబ్బు యంత్రాలు పుట్టక ముందు నుంచీ ఉంది. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బులో ఒక లక్షణం అది. చక్కిలిగింత చెప్పాను గదా, ఇట్లాంటి లక్షణాలున్నవాళ్లకు సొంత చేత్తో పెట్టుకున్నా పరాయివాళ్లు పెట్టినంతగానే తెలిసిందని అదే పరిశోధకులు చూపించారు. సరిచూసుకునే లెక్క తప్పుతుందన్నమాట. ఈ మాట ఈ సభలో గట్టిగా చెప్పాలి. మీ ఇంట్లో గాని, మీ వీధిలో గాని ఎవరన్నా ‘నా తలలో మాటలు పెడుతున్నారు’ అంటే దయ్యం అనకండి, తాయెత్తు కట్టి కూర్చోకండి. మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోండి, మందులున్నాయి. వాళ్లు పడే బాధ నిజం. మనసుకు గట్టు తెగితే ఎట్లా ఉంటుందో వాళ్లకు తెలిసినంతగా మనకెవరికీ తెలియదు.

మన ఊళ్లో ఏటా జరిగే ఒక పద్ధతిని ఈ కోణంలో చూడండి. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి నీళ్లలో నిలబడతారు, ఆ కోరికే ఉన్నవాళ్లు అందుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఇంటి రొట్టె. మనసులో దాచుకున్న కోరిక ముక్కూ మొహం తెలియని మనిషి చేతికి పోతుంది. కాని రొట్టె చూస్తే అన్నీ ఒకటే గదా, పిండి ఒకటే. ఏది ఏ రొట్టె అని తెలిసేదెట్లా? నోటితో చెప్తారు. ‘ఇది ఉద్యోగం రొట్టె’ అని చెప్పి ఇస్తారు, చెప్పి తీసుకుంటారు. ఆ పేరు లేకపోతే అన్ని వేలమంది మధ్య అది ఉత్త రొట్టె. మనసులు కలిపే యంత్రానికి కూడా కావలసింది ఆ పేరే. పంపేది ఎంత పెద్దదైనా పంపండి, ఎవరిదో చెప్పి పంపండి.

ఇంకొక సంగతి తొందరగా చెప్తా. తీగలు లేకుండానే మనం కొంత కలిసే ఉన్నాం. నలభై ఏళ్లు కాపురం చేసినవాళ్లను చూడండి. కరెంటు బిల్లు ఎక్కడుందో ఆమెకు తెలుసు, పొలం కాగితాలు ఎక్కడున్నాయో ఆయనకు తెలుసు. ఇద్దరిలో ఎవరి తలలోనూ అన్నీ లేవు, ఎవరి దగ్గర ఏముందో మాత్రం ఇద్దరి తలల్లోనూ ఉంది. డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1985లో దీనికి ఒక పేరు పెట్టి వివరించాడు. ఒకరు పోతే రెండోవాళ్లకు జ్ఞాపకాల్లో కొంత నిజంగానే పోయినట్టుంటుంది. అంత కలిసిపోయినా ఆయన ఆయనే, ఆమె ఆమే. ఎందుకంటే ‘అది ఆయనకు తెలుసు’ అన్న పేరు చెరగలేదు.

రైతులున్నారు గదా ఇక్కడ, వాళ్లకు ఒక్క మాటలో తెలుస్తుంది. సోమశిల నీళ్లు వస్తాయి, కాలవలో నుంచి నీ మడిలోకి, నీ మడి నుంచి పక్క మడిలోకి. నీళ్లు ఒకటే. అయినా మడులు ఎందుకు వేరుగా ఉన్నాయి? గట్టుంది. గట్టుకు మడవ ఉంది. కావాలంటే పారతో తీస్తావు, చాలనుకుంటే మట్టి వేసి కడతావు. మడవ తీస్తే పొలం పోదు, గట్టు తెగితే పోతుంది. రొయ్యల గుంటలవాళ్లకు ఇంకా బాగా తెలుసు. ఒకరి గుంటలో తెల్లమచ్చ రోగం వచ్చి, ఆ నీళ్లు కాలవలోకి వదిలితే, కింద తోడుకునే ఆయన గుంట కూడా పోతుంది. అందుకే తోడిన నీళ్లు నేరుగా పెంపకం గుంటలోకి పెట్టకుండా వేరే గుంటలో నిలవబెట్టి, బ్లీచింగు వేసి, అప్పుడు వదులుతారు. మనసులు కలిపేటప్పుడు కూడా ఆ నిలవ గుంట కావాలి. ఒకరి ఆందోళన, ఒకరి దిగులు ఆలోచనతో పాటు పాకుతాయి. నేరుగా వదిలితే ఎవరి దిగులు ఎవరు పడుతున్నారో తెలియదు.

ఇదేదో వంద ఏళ్ల తర్వాతి మాట అనుకోకండి. 2025లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, పక్షవాతం వల్ల మాట సరిగ్గా రానివాళ్ల మెదడులో ఎలక్ట్రోడులు పెట్టి, పెదవి కదపకుండా లోపల అనుకున్న వాక్యాలను చదివారు. బాగా వచ్చినప్పుడు నూటికి 74 వంతుల దాకా వచ్చింది. వాళ్లు ఒక జాగ్రత్త పెట్టారు, నాకు చాలా నచ్చింది. మనిషి ముందుగా మనసులో ఒక రహస్యపు మాట అనుకోవాలి. అది అనుకుంటేనే యంత్రం వినడం మొదలుపెడుతుంది. ఆ మాటను నూటికి 98కి పైగా సరిగ్గా గుర్తుపట్టింది. మడవ అంటే అదే గదా! తీసేది, కట్టేది ఆ మనిషే.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మన సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో, మనిషి ఒప్పుకోకుండా నార్కో పరీక్ష గాని, అబద్ధాలు పట్టే పరీక్ష గాని, మెదడు విద్యుత్తు పరీక్ష గాని చేయకూడదంది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పక్కర్లేదనే హక్కు తలలోపలికి కూడా వర్తిస్తుందన్నమాట. 2017లో పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కంది. చిలీ దేశం 2021లో మెదడు సమాచారానికి రక్షణ ఉండాలని రాజ్యాంగంలోనే రాసుకుంది. మనది అంత దూరం రాలేదు, రావాలి.

ఇప్పుడు ప్రశ్నలు. పెద్దాయన అడుగుతున్నారు, ‘అద్వైతం చెప్పేది ఇదే గదా, అందరూ ఒకటేనని?’ అని. మంచి ప్రశ్న, కాని ఇది అది కాదండీ. అద్వైతంలో మనసును అంతఃకరణం అంటారు, అది ఉపాధి, అంటే ఆత్మకు హద్దు పెట్టే కుండలాంటిది. కుండలో ఆకాశం, బయటి ఆకాశం ఒకటే అంటారు. కుండ పగిలితే కలిసేది ఆకాశం. టెలిపతీ ఏం చేస్తుంది? రెండు కుండల మధ్య గొట్టం పెడుతుంది. కుండలు అట్లాగే ఉంటాయి, లోపలి నీళ్లు మాత్రం కలుస్తాయి. ఇద్దరి కామక్రోధాలు కలిపితే బ్రహ్మం కాదు, రెట్టింపు కామక్రోధాలవుతాయి. ఇంకొకటి, పతంజలి యోగసూత్రాల మూడో పాదంలో పరుల చిత్తం తెలుస్తుందని ఒక సూత్రం ఉంది. వెంటనే దాని పక్కనే, ఆ చిత్తం దేన్ని పట్టుకుని ఉందో అది మాత్రం తెలియదని ఉంది. కోపంగా ఉన్నాడని తెలుస్తుంది, ఎవరి మీదో తెలియదు. ఈఈజీ చూసేవాళ్లకు ఈ మాట బాగా అర్థమవుతుంది. నిద్రలో ఉన్నాడా, మెలకువగా ఉన్నాడా, కళ్లు మూసుకున్నాడా అన్నది గీతల్లో కనపడుతుంది. ఏం తలుచుకుంటున్నాడో కనపడదు.

ఆ చివర విద్యార్థి ఏదో అడుగుతున్నాడు. గట్టిగా అడుగు నాయనా. ‘రేపు నిజంగా ఇద్దరిని కలపాలంటే, కరగట్లేదని ఎట్లా తెలుసుకోవాలి?’ చాలా సరైన ప్రశ్న. ఇట్లా చేయాలంటాను. కలిపే ముందు ఇద్దరినీ వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి, ఒక్కో ప్రశ్నకు జవాబు రాయించాలి, ఇష్టాలు, అభిప్రాయాలు, రేపు చేయాల్సిన పనులు, అట్లాంటివి ఒక యాభై. కలిపి ఉంచే సమయం మొదట పది నిమిషాలు దాటకూడదు. ఆ పది నిమిషాల్లో వచ్చిన ఆలోచనల జాబితా తయారుచేసి, తీగ తీసిన వెంటనే ఒక్కొక్కటి చదివి, ఇది నీదా, అవతలివారిదా అని అడగాలి. మధ్యలో ఎవరికీ రాని ఆలోచనలు కొన్ని కలపాలి, ఊరికే ఊహించి చెప్తున్నారా అన్నది వాటితో తెలుస్తుంది. తర్వాత పాత యాభై ప్రశ్నలు మళ్లీ. అవతలివారి జవాబు వైపు ఎన్ని జరిగాయో లెక్కపెట్టాలి. మనుషులు మాట్లాడుకుంటేనే కొన్ని జరుగుతాయి, కాబట్టి ఇంకో జంటను పది నిమిషాలు ఉత్తగా మాట్లాడించి వాళ్ల లెక్క కూడా తీసుకోవాలి, దాంతో పోల్చాలి. ఆపే మీట ఇద్దరి చేతుల్లోనూ ఉండాలి, ఎవరు నొక్కినా ఆగాలి. ఇంకొక జాగ్రత్త. వెంటనే అడిగితే గుర్తు బాగానే ఉంటుంది, రోజులు గడిచేకొద్దీ ఏది ఎక్కడి నుంచి వచ్చిందో కలగాపులగం అవుతుంది. అందుకని అదే జాబితా మర్నాడు పొద్దున ఒకసారి, వారం తర్వాత ఒకసారి మళ్లీ చదివి అడగాలి. వారానికి వచ్చిన తప్పులు మొదటి రోజు తప్పుల కన్నా బాగా ఎక్కువగా ఉంటే, రెండోసారి కలపకూడదు.